మిర్రర్‌లెస్ కెమెరా: ఆరుబయట వీడియోకు విద్యుత్ సరఫరా

మిర్రర్‌లెస్ కెమెరాలో సెన్సర్, తెర ఎడతెగక పనిచేస్తాయి కాబట్టి వీడియో తీస్తున్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. సోనీ ఎన్‌పీ-ఎఫ్‌జెడ్‌100 బ్యాటరీ 7.2 వోల్టులు, 2280 ఎంఏహెచ్. అంటే సుమారు 16.4 వాట్-అవర్లు. 20000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకును దీనికి తొమ్మిదింతలుగా లెక్కగట్టడం పొరపాటు. దాని లోపలి సెల్స్ 3.7 వోల్టులవి గనుక నిల్వ 74 వాట్-అవర్లే, అందులోనూ వోల్టేజీ మార్పిడికి కొంత పోతుంది. కొనేముందు చూడవలసింది వాట్-అవర్లనే. విమాన ప్రయాణంలో మామూలుగా అనుమతించే 100 వాట్-అవర్ల పరిమితి కూడా ఆ లెక్కలోనే ఉంటుంది.

కెమెరా యూఎస్‌బీ పవర్ డెలివరీని అంగీకరిస్తే, అసలు బ్యాటరీని లోపలే ఉంచి బయటి నుంచి కరెంటు ఇవ్వడమే మేలు. వైరు ఊడినా రికార్డింగ్ ఆగదు, ఫైలు పాడవదు. అసలు బ్యాటరీ స్థానంలో అమర్చి బయటి కరెంటు అందించే డమ్మీ బ్యాటరీలో ఈ రక్షణ లేదు, పైగా వీడియో చిత్రీకరణకు వాడే 14.4 వోల్టుల పెద్ద వీ-మౌంట్ బ్యాటరీని రెగ్యులేటర్ లేకుండా దానికి కలిపితే కెమెరా సర్క్యూటే కాలిపోవచ్చు. లోపలి బ్యాటరీ ఛార్జ్ అవుతూ వేడెక్కుతుందన్న అభ్యంతరం నిజమే. లిథియం సెల్స్ ఛార్జింగ్‌కు సాధారణ హద్దు 45 డిగ్రీలు. రెంటచింతల మే నెల ఎండలో నల్లటి కెమెరా ఆ వేడిని సులువుగా దాటుతుంది. అయితే చాలా మోడళ్లు రికార్డింగ్ వేళ ఛార్జింగ్ ఆపేసి, వచ్చే కరెంటును నేరుగా వాడుకుంటాయి. మిగిలిన వేడికి విరుగుడు గొడుగు నీడే. ఉబ్బిన బ్యాటరీని మాత్రం ఏ పద్ధతిలోనూ వాడకూడదు.