చిన్న కళాశాలల ఆటగాండ్రు - వారి కొలత

ఒకే ప్రశ్నపత్రమునకు జవాబులు వ్రాసిన ఇద్దరు విద్యార్థుల మార్కులను పోల్చుట సులభము. ప్రశ్నపత్రములు వేరైనచో వారిలో ఎవరు మిన్న అని చెప్పుట ఎట్లు? అమెరికాలో కళాశాలల బాస్కెట్‌బాల్ ఆటగాండ్రను ఎంపికచేయువారికి డెబ్బది ఏండ్లకు పైగా ఎదురగుచున్న ప్రశ్న ఇట్టిదే.

ఈ ఆటను 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు కనిపెట్టెను. నేడు ఎన్.సి.ఎ.ఎ. అను క్రీడాసంస్థ మొదటి తరగతిలో 350కి పైగా కళాశాలలు కలవు. అవి 30కి పైగా కూటములుగా ఏర్పడినవి. ఈ కూటములకే కాన్ఫరెన్సులని పేరు. ప్రతి కళాశాలయు హెచ్చుభాగము ఆటలను తన కూటమిలోనివారితోనే ఆడును. పెద్ద కూటములకు ధనము, ప్రేక్షకులు, టెలివిజను ప్రసారములు సమృద్ధిగా ఉన్నవి. చిన్న కూటమిలోని యువకుడు ఎన్ని పాయింట్లు సాధించినను, అవి ఎవరిపై సాధించినవి అను సందేహము అతనిని వెన్నాడుచునే యుండును.

ఆ సందేహము నిరాధారమైనది కాదు. 1953 జనవరిలో ఒహాయో రాష్ట్రములోని రియో గ్రాండి అను చిన్న కళాశాల విద్యార్థి బెవో ఫ్రాన్సిస్ ఒక్క ఆటలో 116 పాయింట్లు సాధించెను. దేశమంతయు ఆశ్చర్యపడినది. కాని ప్రత్యర్థి రెండేండ్ల చదువు మాత్రమే గల జూనియరు కళాశాల. నాలుగేండ్ల కళాశాలలపై సాధించిన పాయింట్లనే లెక్కింపవలెనని ఎన్.సి.ఎ.ఎ. నిర్ణయించుటతో ఆ రికార్డు చెల్లలేదు. మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో అతడు హిల్స్‌డేల్ కళాశాలపై 113 పాయింట్లు సాధించి తన శక్తిని రుజువు చేసికొనెను. అంకెను అనుమానించుట సబబే. అనుమానించిన పిదప మరల పరీక్షింపకుండ త్రోసివేసినచో అది అన్యాయమగును.

ఆ కాలమున అట్టి పరీక్షకు అవకాశమే దొరకనివారు అనేకులు. దక్షిణ రాష్ట్రములలో జాతివివక్ష వలన నల్లజాతి విద్యార్థులకు పెద్ద విశ్వవిద్యాలయముల ద్వారములు మూసియుండెను. వారు ఆడిన కళాశాలలకు ఎంపికచేయువారు అరుదుగా వెళ్లెడివారు. 1957లో బోస్టన్ సెల్టిక్స్ శిక్షకుడు రెడ్ ఆవర్‌బాక్ అట్టి కళాశాలలో ఆడిన సామ్ జోన్స్‌ను, తాను కన్నులార చూడకయే, ఇతరుల మాటపై ఎన్నుకొనెను. జోన్స్ ఆ జట్టుతో 10 పర్యాయములు జాతీయ విజేత అయ్యెను. గ్రాంబ్లింగ్ కళాశాలకు చెందిన విల్లిస్ రీడ్‌ను 1964లో అన్ని జట్లును మొదటి విడతలో వదలివేసినవి. 1970లో అతడే ఎన్.బి.ఎ. ఉత్తమ క్రీడాకారుడు. అతనియందు లోపము లేదు. లోపము చూపులో ఉన్నది.

మరి న్యాయమైన కొలత ఏది? మొదటి సవరణ ఆట వేగమునకు సంబంధించినది. ఒక జట్టుకు ఆటలో బంతి 60 మార్లు చిక్కినదనియు, మరియొక జట్టుకు 80 మార్లు చిక్కినదనియు అనుకొందము. మొదటి జట్టులోని ఆటగాడు 18 పాయింట్లు, రెండవ జట్టులోనివాడు 20 పాయింట్లు సాధించిరి. పైకి రెండవవాడే మిన్నగా తోచును. కాని నూరు మార్లకు లెక్కించినచో మొదటివానికి 30, రెండవవానికి 25 మాత్రమే. ఉత్తర కెరొలినా విశ్వవిద్యాలయపు శిక్షకుడు డీన్ స్మిత్ ఈ విధమైన లెక్కను ఆచరణలో పెట్టినవారిలో ఒకరు.

రెండవ సవరణ ప్రత్యర్థి బలమునకు సంబంధించినది. 1981 నుండి ఎన్.సి.ఎ.ఎ. జట్లను పోల్చుటకు ఒక సూచికను వాడెను. అందు జట్టు విజయములకు ఒక పాలు, ప్రత్యర్థుల విజయములకు రెండు పాళ్లు, ఆ ప్రత్యర్థుల ప్రత్యర్థుల విజయములకు ఒక పాలు విలువ నిచ్చిరి. అనగా నాలుగింట మూడు పాళ్లు జట్టు స్వంత విజయములపై గాక, అది ఆడిన కూటముల స్థితిపై ఆధారపడెను. బలహీనమైన కూటమిలో పుట్టిన జట్టు ఎంత గెలిచినను పైకి వచ్చుట కష్టమయ్యెను. 2018లో ఈ సూచికను తొలగించి మరియొక పద్ధతిని ప్రవేశపెట్టిరి.

రెండు కూటములను కలుపు ఆటలు కొలదిగా ఉన్నంతకాలము ఏ గణితమైనను తడబడును. కనుక బలమైన ప్రత్యర్థితో జరిగిన ప్రతి ఆటయు అమూల్యమైన ప్రయోగము. డేవిడ్‌సన్ అను చిన్న కళాశాలలో చదివిన స్టీఫెన్ కర్రీ 2007-08లో ఆటకు సగటున 25.9 పాయింట్లు సాధించెను. ఆ వసంతమున జాతీయ పోటీలలో గొంజాగా, జార్జిటౌన్, విస్కాన్సిన్, కాన్సాస్ జట్లపై వరుసగా 40, 30, 33, 25 పాయింట్లు చేసెను. ఈ నాలుగింటి సగటు 32. నాలుగు ఆటలతో సిద్ధాంతము స్థిరపడదు గాని, బలహీన ప్రత్యర్థుల వలననే అతనికి పాయింట్లు వచ్చినవను వాదము నిలువలేదు. 2015, 2016 సంవత్సరములలో అతడు ఎన్.బి.ఎ. ఉత్తమ క్రీడాకారుడు.

ఏ సూచికయు చెప్పలేని సంగతి మరియొకటి గలదు. అది పెరుగుదల. స్కాటీ పిప్పెన్ సెంట్రల్ ఆర్కాన్సాస్ కళాశాలలో జట్టు సామగ్రిని చూచుకొను పనితో ప్రారంభించెను. చదువుకాలములోనే ఆరడుగుల పైచిలుకు నుండి ఆరున్నర అడుగులకు మించి పెరిగెను. 1987లో ఐదవ స్థానమున ఎంపికయ్యెను. పదునెనిమిదవ యేట తీసిన కొలత ఇరువది రెండవ యేటికి చెల్లదు.

2021లో నియమములు సడలుటతో, విద్యార్థి ఒకమారు కళాశాల మారినను ఏడాది ఆగకుండ ఆడుటకు వీలు కలిగినది. అప్పటినుండి పెద్ద కళాశాలలు చిన్న కూటముల ఆటగాండ్రను మరింత శ్రద్ధగా చూచుచున్నవి. ఈ చూపులో తప్పు జరిగినచో నష్టపోవునది ఒక యువకుని చదువునకు ఆధారమైన విద్యార్థివేతనము, ఆ తరువాతి బ్రతుకుదెరువు. కనుక అంకె చేతికి రాగానే రెండు ప్రశ్నలు వేయవలెను: ఇది ఏ పరిస్థితులలో వచ్చినది? ఆ పరిస్థితులు మారినప్పుడు అతనిని ఎవరైనను పరీక్షించిరా? రెండవదానికి లేదు అని సమాధానము వచ్చినచో, తీర్పు చెప్పు సమయము ఇంకను రాలేదని గ్రహింపవలెను.