తెలుపు చించేసిన జెండా

జెండా రంగుల గురించి స్కూల్లో చెప్పే పద్ధతి ఒకటే. ఈ రంగు త్యాగం, ఈ రంగు శాంతి, ఈ రంగు పాడిపంటలు. పరీక్షలో రెండు మార్కులు. ఏ రంగుని ఎవరు తెచ్చారు, ఏ రంగుని ఎవరు తీసిపారేశారు అనే ప్రశ్న సిలబస్‌లో ఉండదు. అందుకే ఈ వారం హైతీ జెండా గురించి రాస్తున్నాను. బానిసలుగా బతికిన మనుషులు కుట్టుకున్న జెండా అది.

హైతీ అప్పటి పేరు సాన్ డొమాంగ్. కరీబియన్ సముద్రంలో ఫ్రాన్స్ వలస. 1791 నాటికి అక్కడి చెరకు, కాఫీ తోటల్లో దాదాపు 5 లక్షల మంది నల్లవాళ్లు బానిసలు. తెల్లవాళ్లు 40 వేలకు మించరు. ఈ ఇద్దరి మధ్యా ఇంకో మెట్టు: తెల్ల తండ్రులకీ నల్ల తల్లులకీ పుట్టిన ములాటోలు. వీళ్లలో చాలామంది బానిసలు కారు. కొందరికి సొంత తోటలు, సొంత బానిసలు కూడా ఉండేవాళ్లు. ఈ మెట్లు గుర్తుపెట్టుకోండి. జెండా కథంతా వీటి మీదే నడుస్తుంది.

1791 ఆగస్టులో బానిసలు తిరగబడ్డారు. 1794లో ఫ్రెంచి రిపబ్లిక్ బానిసత్వాన్ని రద్దు చేసింది. ఆ తర్వాత టూసాన్ లూవర్చూర్ నాయకత్వంలో నల్ల సైన్యం ఫ్రాన్స్ మూడురంగుల జెండా కిందే యుద్ధాలు చేసింది. స్వేచ్ఛ అని రాసిచ్చిన జెండా కదా. 1802లో నెపోలియన్ పెద్ద సైన్యాన్ని పంపాడు. చర్చలకని పిలిచి టూసాన్‌ని బంధించారు. 1803 ఏప్రిల్‌లో ఆయన ఫ్రాన్స్ కొండకోట జైల్లో చనిపోయాడు. ఈలోగా గ్వాడెలూప్ దీవిలో బానిసత్వాన్ని తిరిగి తెస్తున్నారని తెలిసిపోయింది. ఇచ్చినవాళ్లే వెనక్కి లాక్కుంటున్నారు, అదే జెండా పట్టుకుని.

1803 మే 18న ఆర్కహే అనే ఊళ్లో తిరుగుబాటు నాయకుడు డెసలీన్ ఆ మూడురంగుల జెండా అందుకుని మధ్యలోని తెలుపుని చించేశాడని హైతీ ప్రజలు చెప్పుకుంటారు. మిగిలిన నీలం, ఎరుపు ముక్కల్ని కేథరిన్ ఫ్లాన్ అనే స్త్రీ కలిపి కుట్టిందంటారు. నీలం నల్లవాళ్లు, ఎరుపు ములాటోలు. మధ్యలోంచి యజమాని రంగు పోతే గానీ ఆ రెండూ ఒకదాన్నొకటి తాకలేదు. ఫ్రెంచి జెండాలో తెలుపు రాజు రంగు, నీలం ఎరుపులు పారిస్ నగరం రంగులు, జాతితో దానికేం సంబంధం అని పండితులు అడగొచ్చు. చరిత్ర ప్రకారం వాళ్ల మాట నిజమే. కానీ కొరడా దెబ్బలు తిన్నవాళ్లకి ఆ తెలుపేంటో ఇంకొకరు విప్పి చెప్పాలా?

1804 జనవరి 1న స్వాతంత్ర్యం. 1805 రాజ్యాంగం జాతీయ రంగులుగా నలుపు, ఎరుపు ప్రకటించింది. దాంతోపాటు ఇంకో మాట రాసింది: ఇకమీదట హైతీయులందరికీ ఒకే పేరు, ‘నల్లవాళ్లు’. అందరికీ అంటే అందరికీ. నెపోలియన్ సైన్యంతో వచ్చి ఇటువైపు చేరిన పోలిష్ సైనికులూ, అక్కడ స్థిరపడ్డ జర్మన్లూ పౌరులయ్యారు. కాబట్టి వాళ్లూ నల్లవాళ్లే! ‘దళిత’ అంటే ఏ కులం సార్ అని అడిగే విద్యార్థులకి నేను ఈ ఆర్టికల్ గురించి చెప్తుంటాను. అమెరికా బ్లాక్ పాంథర్స్ పేరు స్ఫూర్తితో 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ కూడా తమ మేనిఫెస్టోలో ఆ పదంలోకి భూమిలేని కూలీల్ని, పేద రైతుల్ని, స్త్రీలని చేర్చారు.

అలాగని డెసలీన్‌ని పటం కట్టి పూజించనక్కర్లేదు. చక్రవర్తి అయ్యాడు. మిగిలిన ఫ్రెంచివాళ్లని ఊచకోత కోయించాడు. విముక్తులైన మనుషుల్ని సైనికుల కాపలాలో మళ్లీ తోటల్లోకే పంపాడు. 1806లో సొంతవాళ్లే చంపేశారు. దేశం రెండుగా చీలింది, రంగులూ చీలాయి. దక్షిణాన ములాటో నాయకుడు పేతియోన్‌ది నీలం-ఎరుపు, ఉత్తరాన నల్ల నాయకుడు క్రిస్టోఫ్‌ది నలుపు-ఎరుపు. కుట్టు అక్కడే ఊడింది. మాల, మాదిగ చర్చల్లో కూర్చున్నవాళ్లకి ఈ భాగం మళ్లీ వివరించక్కర్లేదు. 1820లో దేశం కలిశాక నీలం-ఎరుపే నిలిచింది.

1964లో నియంత ఫ్రాంస్వా డువాలియే నల్ల ప్రజల పేరు చెప్పి నలుపు-ఎరుపుని మళ్లీ ఎక్కించాడు. ఆ జెండా కింద అతని ముఠాలు చంపిన వేలమందిలో అత్యధికులు నల్లవాళ్లే. 1986లో అతని కొడుకు దేశం వదిలి పారిపోయాక జనం నీలం-ఎరుపుని తిరిగి తెచ్చుకున్నారు.

ఇప్పుడు ప్రభుత్వ జెండా చూడండి. మధ్యలో చిన్న తెల్ల గడి, అందులో తాటిజాతి చెట్టు, ఫిరంగులు, ఐకమత్యమే బలం అనే ఫ్రెంచి మాట. తెలుపు మళ్లీ వచ్చిందేంటి అని ఎవరో ఒకరు కామెంట్‌లో అడుగుతారు, నాకు తెలుసు. జనం పట్టుకునే మామూలు జెండాలో ఆ గడి ఉండదు. రెండే రంగులు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో లిచెన్‌స్టయిన్ జెండా కూడా అచ్చం అలాగే ఉందని బయటపడింది. మరుసటేడు తమ జెండా మీద కిరీటం చేర్చుకుంది లిచెన్‌స్టయిన్. హైతీ జనం జెండా అలాగే ఉంది.