చిలుకూరి వీరభద్రరావుగారి రాజచరిత్ర రచనము

శాసనము రాజుయొక్క కీర్తిని దెలుపును గాని రాజుయొక్క జీవితమును దెలుపదు. వంశావళి, రాజ్యకాలము, బిరుదములు, దానము చేసిన గ్రామము, ప్రతిగ్రహీత గోత్రము, ఇవి యందు గానవచ్చును. ఆ రాజెవరికి వెఱచెను, ఎన్ని యేండ్లు సింహాసనమునకు దూరమై యుండెను, ఎట్లు మరణించెను అను విషయములలో శాసనకవి తఱచుగా మౌనము వహించును. ఇట్టి ప్రశస్తులనుండి రాజచరిత్రములు గూర్చి తెలుగు వచనమున జదువరులకందించు భారమును ఇరువదవ శతాబ్దారంభమున వహించినవారిలో చిలుకూరి వీరభద్రరావుగారు ముఖ్యులు.

వీరు 1872వ సంవత్సరమున గోదావరి పశ్చిమ డెల్టాయందలి రేలంగి గ్రామమున జన్మించిరి. వసిష్ఠ దాటినచో నావల కోనసీమయే. విద్యాభ్యాసానంతరము వీరు ఆంధ్రదేశాభిమాని, విబుధరంజని, సత్యవాది మున్నగు పత్రికల సంపాదకత్వమున గాలము గడపిరి. 1906లో నేర్పడిన విజ్ఞానచంద్రికా గ్రంథమాలకు కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు ప్రాణము. ఆ మాలయందే వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము 1910, 1912, 1916 సంవత్సరములలో మూడు భాగములుగ వెలువడెను. మొదటిదానికి పూర్వయుగమనియు, రెండవదానికి మధ్యయుగమనియు బేరు. ‘చరిత్ర చతురానన’ బిరుదము వీరి కీ కృషివలన లభించినదే. 1939లో వీరు పరమపదించిరి.

ఆనాటికి పండితులకు లభ్యమై యున్న సామగ్రి స్వల్పము. హుల్చ్ దొరగారి దక్షిణహిందూ శాసనముల ప్రథమసంపుటము 1890లో వెలువడినది. ఫ్లీటుగారు తూర్పు చాళుక్యుల కాలనిర్ణయము నాయేటి కించుమించుగనే ప్రకటించిరి. స్యూయలుగారి విజయనగర చరిత్రము 1900లో వచ్చినది. ఇవన్నియు నాంగ్లభాషలోనివి. శాసనములను జదివి సరిచూచువారు మన దేశముననే లేకపోలేదు. కోనసీమయందలి ముక్తేశ్వరమున 1860లో జన్మించిన జయంతి రామయ్య పంతులుగారు బెజవాడ యుద్ధమల్లుని శాసనమును బరిష్కరించి ప్రకటించిరి. అయినను ఒక్కొక్క శాసనమును బరిష్కరించుట వేఱు. పదునాఱు శతాబ్దముల రాజుల నొక క్రమమున నిలిపి కథ చెప్పుట వేఱు. రెండవ పనికి బూనుకొన్నవాడు తప్పులకు సిద్ధపడవలెను. వీరభద్రరావుగా రట్లు సిద్ధపడిరి.

ఆ తప్పులెట్టివో, అవి యెట్లు దిద్దబడినవో తెలియుటకు కోనసీమ శాసనములే చాలును. రాజరాజనరేంద్రుని చరిత్రమును జూడుడు. గౌతమీతీరమందలి కోరుమిల్లి శాసనము ఆతని పట్టాభిషేకమును శక 944వ యేట, అనగా క్రీ.శ. 1022 ఆగస్టు 16వ తేదీన జరిగినట్లు దెలుపుచున్నది. అంబాజీపేట చెంతనున్న నందంపూడి గ్రామమును రాజరాజు తన 32వ రాజ్యవర్షమున, 1053లో, నారాయణభట్టున కగ్రహారముగ నొసంగెను. ఆ గ్రామమున్న సీమకు శాసనమున ‘రెండేఱుల నడిమి విషయము’ అని పేరు. ఆ శాసనమును రచించినవాడు నన్నయభట్టు. రాజరాజు నలువదియొక్క సంవత్సరములు పాలించెనని చెల్లూరు శాసనము చెప్పుచున్నది. ఇంతవఱకు జూచినవారికి ఆ రాజ్యము నిశ్చలమైన దీర్ఘరాజ్యముగ దోచును.

కాని రాజరాజునకు సవతిసోదరుడగు విజయాదిత్యుడొకడు కలడు. ఆతని పాములవాక శాసనమును, కోనసీమయందలి ర్యాలిలో దొరకిన రాగిరేకులును మఱియొక కథ చెప్పుచున్నవి. వాని ప్రకారము విజయాదిత్యుడు వేంగి సింహాసనమును దాను గైకొనెను. ఒక యన్న శాసనము, ఒక తమ్ముని శాసనము, రెండును ప్రశస్తులే. రెండింటిని ఎదురెదురుగ నుంచి చదివిననే గాని రాజరాజు జీవితము తెలియదు. ఆంధ్రుల చరిత్రము ప్రథమభాగము వెలువడిన 1910 నాటికి తమ్ముని పక్షము పండితుల చేతికి రాలేదు. 1922లో రాజమహేంద్రవరమున నాంధ్రేతిహాస పరిశోధక మండలి యేర్పడి తన పత్రిక ద్వారా ఇట్టి శాసనములను బ్రకటింప మొదలిడిన తరువాతనే ఆ లోపము తీఱినది.

కాకతి ప్రతాపరుద్రుని యంత్యదశ మఱియొక యుదాహరణము. 1323లో నోరుగల్లు పడిన పిమ్మట ఆతడు ఢిల్లీనుండి మఱలివచ్చినట్లు ప్రతాపరుద్ర చరిత్రమను వచనగ్రంథమున గథ గలదు. 1423 నాటి కలువచేరు శాసనమో, ఆ రాజు త్రోవలోనే స్వేచ్ఛగ స్వర్గమున కేగెనని చెప్పుచున్నది. కోనసీమయందలి విలస గ్రామమునకు సంబంధించిన ముసునూరి ప్రోలయనాయకుని తామ్రశాసనము దీనిని బలపఱచుచు, ఢిల్లీకి గొనిపోబడుచున్న ప్రతాపరుద్రుడు నర్మదాతీరమున మృతినొందెనని స్పష్టపఱచినది. రాజ్యము పోయిన పిదప సేద్యగాండ్ర పంట దోచుకొనబడుటయు నందు వర్ణితము. నేలటూరి వేంకటరమణయ్యగారును, మల్లంపల్లి సోమశేఖరశర్మగారును దీనిని ప్రకటించునప్పటికి వీరభద్రరావుగారు గతించి చాలకాలమైనది. 1912 నాటి ద్వితీయభాగమును జదువువారు విలస శాసనమును బ్రక్కనుంచుకొనుట యావశ్యకము.

ప్రత్యేక జీవితచరిత్రములకు వీరెన్నుకొన్న పురుషులను జూచినచో వీరి దృష్టి తెలియును. తిమ్మరుసు మంత్రి, అళియ రామరాయలు, తిక్కన సోమయాజి: వీరు మకుటమున్నచోట నిలిచినవారే గాని మకుటము ధరించినందున బ్రసిద్ధులైనవారు కారు. తిమ్మరుసు కన్నులు తీయించినట్లు పోర్చుగీసువాడగు న్యూనిజ్ వ్రాసిపోయెను. 1565 జనవరి 23వ తేదీన రక్కసితంగడి రణమున రామరాయలు మడియుటతో, విజయనగర పతన దోషమంతయు నాతని తలపై మోపబడెను. ఒకడు రాజుచేత శిక్షితుడు, ఒకడు లోకముచేత నిందితుడు. వీరిని బొగడుటకు శాసనకవు లంతగా నుత్సహింపరు. కనుక వీరి చరిత్రమున బ్రశస్తిని విడిచి, విదేశీయుల వ్రాతలను, ఐతిహ్యములను, గ్రంథావతారికలను దూచి నిర్ణయింపవలసి వచ్చును. రాజచరిత్రకారుని సామర్థ్యమునకు నిజమైన పరీక్ష ఇట్టిచోటనే.

వీరభద్రరావుగారి వాక్యములలో దేశాభిమానము పొంగుచుండును. ఆంధ్రోద్యమము తలయెత్తిన దినములలో నది సహజము. దానివలన గ్రంథము జనులకు జేరెను; దానివలననే కొన్నిచోట్ల సందిగ్ధము నిశ్చయముగ గానవచ్చుచున్నది. సోమశేఖరశర్మగారు 1945లో ముసునూరి నాయకులను గూర్చియు, 1948లో రెడ్డిరాజ్యములను గూర్చియు వ్రాసిన గ్రంథములందు వాక్యవాక్యమునకు శాసనాధారము వెదకు పద్ధతి కానవచ్చును. అట్లని మొదటివారి కృషి వ్యర్థము కాదు. ముందొక చరిత్రము వ్రాయబడి యున్నందుననే దిద్దవలసిన స్థలము తరువాతివారికి దెలిసినది. పాఠశాలలలో నీ గ్రంథములను బోధించు పండితులు ఒక్క రాజు చరిత్రమునైన నేటికి దొరకిన శాసనములతో బోల్చి విద్యార్థులకు జూపుట మేలు. నందంపూడి, ర్యాలి, విలస శాసనము లట్టి పాఠమునకు మిక్కిలి యనుకూలములు.