ఎవరు గొప్ప? ఫుట్‌బాల్ వాదం, చరిత్ర ఆధారాలు, హైదరాబాద్ ఆటగాళ్లు

ఉపోద్ఘాతం

చరిత్ర రచనకు శాసనాలు, దస్తావేజులు, పత్రికలు, మౌఖిక కథనాలు ఆధారాలని మీకు తెలుసు. వీటిలో చివరి మూడింటిని ఈ పాఠంలో ఒక వింత ప్రశ్నకు ప్రయోగించి చూద్దాం. ఫుట్‌బాల్ ఆటగాళ్లందరిలోకీ గొప్పవాడెవరు? ఇది చరిత్ర పాఠంలో ఉండదగిన ప్రశ్నేనా అని కొందరికి అనిపించవచ్చు. పామర్రు ప్రాంతపు విద్యార్థులకు మాత్రం ఇలాంటి తగవు కొత్తది కాదు. ఎన్.టి. రామారావు పుట్టిన నిమ్మకూరు పామర్రు మండలంలోనే ఉంది. అక్కినేని నాగేశ్వరరావు పుట్టిన రామాపురం గుడివాడకు దగ్గర. ఇద్దరిలో ఎవరు గొప్ప నటుడని ఈ ప్రాంతపు టీ కొట్లలో వాదించుకోని తరం లేదు. ఆ వాదంలో ఒకరు వంద రోజులాడిన కేంద్రాల లెక్క తీస్తారు. ఇంకొకరు పౌరాణిక పాత్రలను ముందుకు తెస్తారు. మూడో మనిషి దేవదాసు పాత్రను చూపి మాట ముగించాలంటాడు. ముగ్గురి చేతుల్లోనూ మూడు వేర్వేరు కొలబద్దలున్నాయి. కాబట్టి ఆ తగవు తెగదు.

చరిత్ర విద్యార్థి పని తీర్పు చెప్పడం కాదు, ఆ కొలబద్దలను పరిశీలించడం. ఎవరు గొప్ప అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, ఎవరు లెక్కించారు, దేన్ని లెక్కించారు, ఏ కాగితం మిగిలింది, ఏది మిగల్లేదు అని అడగాలి. అప్పుడు టీ కొట్టు వాదం కూడా చరిత్రకు పనికొస్తుంది.

ఒకే ప్రశ్న, రెండు జవాబులు

ముందుగా ప్రపంచ స్థాయిలో జరిగిన ఒక ఉదంతం చూద్దాం. 2000 సంవత్సరంలో అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా, ఇరవయ్యో శతాబ్దపు ఉత్తమ ఆటగాణ్ని ఎంపిక చేయాలనుకుంది. ఇంటర్నెట్‌లో ప్రజల ఓటు పెట్టింది. అర్జెంటీనా ఆటగాడు డీగో మారడోనాకు 53.6 శాతం ఓట్లు వచ్చాయి. బ్రెజిల్ ఆటగాడు పేలేకు వచ్చింది 18.53 శాతమే. తర్వాత ఫిఫా తన నిపుణుల మండలిని, తన పత్రిక పాఠకులను అడిగింది. అక్కడ పేలేకు 72.75 శాతం వచ్చింది, మారడోనా మూడో స్థానానికి జారిపోయారు. చివరికి ఇద్దరికీ బహుమతులిచ్చి గొడవ సర్దుకున్నారు.

ఈ రెండు ఫలితాల మధ్య ఆటగాళ్లు మారలేదు, వాళ్లు చేసిన గోల్స్ మారలేదు. ఓటర్లు మారారంతే. 2000 నాటికి ఇంటర్నెట్ వాడుతున్నవాళ్లలో ఎక్కువమంది యువకులు. వాళ్లు మారడోనాను 1986 ప్రపంచ కప్‌లో టెలివిజన్‌లో చూసినవాళ్లు, లేదా చూసినవాళ్ల నోట విన్నవాళ్లు. పేలే తన క్లబ్ శాంటోస్ తరఫున ఆడిన మ్యాచ్‌లలో చాలా వాటికి చిత్రీకరణే లేదు. ఆయన చేశారని చెప్పే వెయ్యికి పైగా గోల్స్‌లో స్నేహపూర్వక మ్యాచ్‌లవి కూడా కలిసి ఉన్నాయి. వాటిని తీసేస్తే సంఖ్య బాగా తగ్గుతుంది. కలపాలా తీయాలా అన్నది గణితం తేల్చే విషయం కాదు. పద్ధతిని ముందు ఒప్పుకోకుండా అంకెలతో వాదించడం వృథా.

హైదరాబాద్ ఎలా కేంద్రమైంది

మన ప్రాంతంలో వాలీబాల్, కబడ్డీలకు ఉన్నంత ఆదరణ ఫుట్‌బాల్‌కు లేదు. అందువల్ల ఒకప్పుడు భారత ఫుట్‌బాల్‌కు కోల్‌కతాతో సమానంగా ఆటగాళ్లను ఇచ్చిన నగరం హైదరాబాద్ అన్న సంగతి డెల్టా విద్యార్థులు చాలామంది విని ఉండరు. నిజాం పాలన చివరి దశలోనే అక్కడ పోలీసు శాఖ జట్టు పేరు తెచ్చుకుంది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలుచుకుంది. పోలీసు ఉద్యోగం అంటే నెలజీతం, ఆడుకోవడానికి తీరిక. పేద కుటుంబాల కుర్రాళ్లకు ఆ రెండూ ఒకేచోట దొరకడం చిన్న విషయం కాదు.

ఈ జట్టు వెనుక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టారు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. అందరూ ఆయన్ను రహీం సాబ్ అనేవారు. ఆయన శిక్షణలో బడిపంతులు లక్షణం స్పష్టంగా కనబడుతుంది. బంతిని కాలి దగ్గరే పెట్టుకుని ఒంటరిగా పరుగెత్తడాన్ని నిషేధించి పోటీలు పెట్టారు. కుడికాలి వాటం ఉన్నవాళ్లను ఎడమకాలితోనే ఆడమన్నారు. చేతకానిదాన్ని ముందు నేర్పితే చేతనైనది తనంతట తానే మెరుగవుతుందన్నది ఆ పద్ధతిలోని ఆలోచన.

1948 లండన్ ఒలింపిక్స్‌లో మన ఆటగాళ్లలో ఎక్కువమంది బూట్లు లేకుండానే ఆడి ఫ్రాన్స్ చేతిలో 1–2 తేడాతో ఓడారు. 1952 హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 1–10 తేడాతో చిత్తయ్యారు. నాలుగేళ్లకు, 1956 మెల్‌బోర్న్‌లో, రహీం శిక్షణలోని జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్ చేరింది, నాలుగో స్థానం పొందింది. ఆస్ట్రేలియాపై నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అంతకంటే పైకి ఎన్నడూ వెళ్లలేదు. ఆ జట్టులో హైదరాబాద్ ఆటగాళ్లు పలువురున్నారు. ఆంధ్రప్రదేశ్ అవతరించి అప్పటికి సరిగ్గా నెల. అంటే కృష్ణా జిల్లా, హైదరాబాద్ ఒకే రాష్ట్రంలోకి వచ్చిన మరుసటి నెలలోనే ఈ విజయం దక్కింది. అయినా హైదరాబాద్ మైదానంలో ఆట గురించి మాట్లాడుకునే భాష ప్రధానంగా ఉర్దూ, రాసుకునే భాషలు ఉర్దూ, ఇంగ్లీషు. తెలుగు పాఠకుడికి ఆ ఆట పొరుగింటి పెళ్లిలా ఉండిపోయిందని ఈ పాఠ రచయిత అభిప్రాయం.

ముగ్గురిలో మూడోవాడు

భారత ఫుట్‌బాల్‌లో గొప్పవాడెవరని అడిగితే ఇప్పటికీ మూడు పేర్లు వినబడతాయి: పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, తులసీదాస్ బలరాం. 1960ల మొదట్లో ముగ్గురూ కలిసి ఆడారు. పేర్లు చెప్పే వరుసలో బలరాం చివర వస్తారు. ఈ వరుస ఎక్కడినుంచి వచ్చిందన్నది మన ప్రశ్న.

బలరాం 1936లో సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టారు. ఇరవై ఏళ్ల వయసులో మెల్‌బోర్న్ ఒలింపిక్ జట్టులో ఉన్నారు. తర్వాత కోల్‌కతా వెళ్లి ఈస్ట్ బెంగాల్ క్లబ్‌లో చేరారు, 1961లో దానికి నాయకత్వం వహించారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్ ఉన్న బృందంలో హంగేరీ, ఫ్రాన్స్, పెరూ జట్లున్నాయి. హంగేరీ చేతిలో 1–2తో ఓడాం, ఫ్రాన్స్‌తో 1–1తో సరిసమానంగా నిలిచాం, పెరూ చేతిలో 1–3తో ఓడాం. మనం చేసిన మూడు గోల్స్‌లో ఒకటి బెనర్జీది, రెండు బలరాంవి. హంగేరీ ఆ పోటీల్లో కాంస్యం గెలిచింది. ఆ మ్యాచ్‌లో మనపై గోల్ చేసిన ఫ్లోరియన్ ఆల్బర్ట్ 1967లో యూరప్ ఉత్తమ ఆటగాడయ్యారు. ఓడిన మ్యాచ్‌లైనా ఎవరి ముందు ఆడి గోల్ చేశారో చూస్తే బలరాం స్థాయి అర్థమవుతుంది.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో రహీం శిక్షణలో, చునీ గోస్వామి నాయకత్వంలో భారత్ స్వర్ణం గెలిచింది. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడిన జట్టే సెప్టెంబరు 4న ఫైనల్‌లో అదే కొరియాను 2–1తో ఓడించింది. ఫైనల్‌లో గోల్స్ చేసినవారు బెనర్జీ, జర్నైల్ సింగ్. జర్నైల్ అసలు రక్షణ ఆటగాడు. తలకు గాయమైన ఆయన్ను రహీం ముందు వరుసలోకి పంపారు. జపాన్‌ను 2–0తో ఓడించినప్పుడు గోల్స్ బెనర్జీవి, బలరాంవి. ఫైనల్ గోల్ పాఠ్యపుస్తకాలకెక్కుతుంది, బృంద దశలోని గోల్ స్కోరు పుస్తకంలో ఉండిపోతుంది. పైగా గోల్‌కు బంతిని అందించినవాడి పేరు రాసే అలవాటు ఆ రోజుల్లో లేదు. ఎడమవైపునుంచి బంతిని నడిపి ఇతరులకు అందించే ఆటగాడికి ఇది పెద్ద నష్టం.

అంకెల సంగతికి వద్దాం. 2020లో బెనర్జీ మరణించినప్పుడు పత్రికలు ఆయన దేశం తరఫున 84 మ్యాచ్‌లలో 65 గోల్స్ చేశారని రాశాయి. అధికారిక అంతర్జాతీయ మ్యాచ్‌లను మాత్రమే తీసుకునే లెక్కలు అందులో చిన్న భాగాన్నే ఒప్పుకుంటాయి. ఎవరూ అబద్ధం చెప్పలేదు, క్లబ్ జట్లతో ఆడిన పర్యటన మ్యాచ్‌లను ఒకరు కలిపారు, మరొకరు కలపలేదు. పేలే విషయంలో చూసిన చిక్కే ఇదీ. ఇలాంటి అంకె ఒకటి ఆటగాడి పేరు పక్కన చేరితే, దాన్ని పత్రికలు ఒకదాన్ని చూసి మరొకటి రాసుకుంటూ పోతాయి. విద్యార్థులు గమనించాల్సిన విషయం ఇది: పది పత్రికల్లో కనిపించినంత మాత్రాన అది పది ఆధారాలు కాదు, ఒకే ఆధారానికి పది నకళ్లు కావచ్చు.

బలరాం ఊపిరితిత్తుల జబ్బుతో 1963లో, ఇరవై ఏడేళ్లకే ఆట ఆపేశారు. బెనర్జీ ఆ తర్వాత శిక్షకుడిగా దశాబ్దాలపాటు వార్తల్లో ఉన్నారు. చునీ గోస్వామి బెంగాల్ తరఫున క్రికెట్ కూడా ఆడారు. ఇద్దరూ కోల్‌కతా పత్రికలకు సొంత మనుషులు. ముగ్గురికీ వరుసగా 1961, 1962, 1963లలో అర్జున పురస్కారం వచ్చింది, అందులో వారిది బెనర్జీ, బలరాం, గోస్వామి క్రమం. పద్మశ్రీ గోస్వామికి 1983లో, బెనర్జీకి 1990లో ఇచ్చారు. బలరాంకు ఇవ్వలేదు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో ఆయన చనిపోయేదాకా ఆ లోటు అలాగే ఉంది. పురస్కారాల జాబితాను ప్రతిభకు కొలతగా వాడేవాళ్లు దాన్ని ఎవరు, ఎక్కడ కూర్చుని తయారుచేస్తారో ముందు చూడాలి. హైదరాబాద్‌లో పుట్టి కోల్‌కతాలో ఆడినవాడికి రెండు నగరాలూ ఉన్నాయి. సిఫారసు కాగితం పంపేవేళకు ఏ నగరమూ ఆయనది కాకుండా పోయింది. రోమ్‌లో ఆడిన ఆట ఆధారంగా చెప్పాలంటే, బలరాంను మూడో పేరుగా చెప్పడానికి నాకు కారణం కనబడదు.

1977: రెండు జ్ఞాపకాలు

మౌఖిక ఆధారం ఎలా పనిచేస్తుందో చూడటానికి ఇంకొక హైదరాబాద్ ఆటగాడు పనికొస్తాడు. మహమ్మద్ హబీబ్ 1949లో పుట్టారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఆడారు. ఆ జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్‌దీ హైదరాబాదే. కోల్‌కతా ప్రేక్షకులు హబీబ్‌ను ప్రేమగా బడే మియాన్ అన్నారు. 1977 సెప్టెంబరు 24న పేలే తన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్‌పై ఆడారు. మ్యాచ్ 2–2తో ముగిసింది. మోహన్ బగాన్ గోల్స్‌లో ఒకటి శ్యామ్ థాపాది, ఒకటి హబీబ్‌ది. ఇంతవరకు స్కోరు పుస్తకం చెప్పే మాట. మ్యాచ్ తర్వాత పేలే హబీబ్‌ను వెతుక్కుని వచ్చి మెచ్చుకున్నారన్నది నోటిమాటగా వచ్చిన కథ. మొదటిది రుజువైన సంఘటన. రెండోది, అది జరిగినా జరగకపోయినా, ఒక నగరం తన ఆటగాణ్ని ఎలా గుర్తుంచుకోదలచిందో చెబుతుంది. చరిత్రకారుడికి రెండూ కావాలి, కానీ ఒకే గంపలో వేయకూడదు.

1977 అనగానే దివిసీమలో ఎవరికైనా గుర్తొచ్చేది పేలే కాదు, నవంబరు 19 నాటి ఉప్పెన. ఈ రెండింటికీ మధ్య రెండు నెలలు కూడా లేవు. వేల ప్రాణాలు పోయిన చోట ఆటల పట్టికలకు, బడి రిజిస్టర్లకు ఎవరు వెతుకుతారు? ఉప్పు నీటిలో తడిసిపోయిన కాగితాలతోపాటు ఏ ఊరి కుర్రాడు ఎంత బాగా ఆడేవాడన్న సమాచారం కూడా పోతుంది. ఆ తర్వాత మిగిలేది మనిషి నోట్లో మాట ఒక్కటే.

ఆటగాడు కాని గొప్పవాడు

1962 జకార్తా విజయం తర్వాత ఏడాది గడవకముందే, 1963 జూన్ 11న, రహీం క్యాన్సర్‌తో మరణించారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం భారత్‌కు రెండుసార్లే వచ్చింది, 1951లో, 1962లో. రెండుసార్లూ శిక్షకుడు ఆయనే. 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది, అది ఆయన వేసిన విత్తనపు పంట అనుకోవచ్చు. ఆ తర్వాత హైదరాబాద్ కుర్రాళ్లు జీతం ఎక్కువిచ్చే కోల్‌కతా క్లబ్బులకు వెళ్లిపోయారు. నయీముద్దీన్, హబీబ్ అలా వెళ్లినవాళ్లే. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం మొదలైంది 1985లో, అంటే రహీం పోయిన ఇరవై రెండేళ్లకు. 2024లో హిందీలో మైదాన్ సినిమా వచ్చేదాకా తెలుగు ఇళ్లలో ఆయన పేరు పెద్దగా వినబడలేదు. గొప్పవాళ్ల జాబితాలు ఆటగాళ్లవే కావడంతో ఆయనకు వాటిలో గడి లేదు. బలరాం గోల్స్ లెక్క ఎవరైనా తిరిగి చేయగలరు, ఒక పంతులు ఎన్ని ఎడమకాళ్లను సరిచేశాడో లెక్కించే పట్టిక లేదు.

కృత్యం

పామర్రు, గుడివాడ, మచిలీపట్నం, అవనిగడ్డలలో మీకు దగ్గరి ఊరు ఎంచుకోండి. అక్కడ 1980కి ముందు ఏ ఆటైనా ఆడిన ఇద్దరు పెద్దలను విడివిడిగా కలవండి. తమ కాలంలో అందరికంటే బాగా ఆడినవారెవరో అడగండి. వాళ్లు చెప్పిన ప్రతి వాక్యం పక్కన "కళ్లారా చూసింది", "విన్నది" అని గుర్తు పెట్టండి. వీలైతే బడి సంచికలో గానీ, బహుమతుల రిజిస్టరులో గానీ, గోడకున్న జట్టు ఫొటోలో గానీ ఆ పేరు ఉందేమో వెతకండి. లేకపోతే ఎందుకు లేదో ఐదారు వాక్యాల్లో రాసి, తదుపరి తరగతికి అధ్యయన కేంద్రంలోని కౌన్సిలర్‌కు ఇవ్వండి.