సాళువ: బిరుదా, ఇంటిపేరా?

చంద్రగిరి కోటకు వెళ్ళినప్పుడల్లా నన్ను వేధించే ప్రశ్న ఇది. సాళువమంటే డేగ. బుక్కరాయల కుమారుడు కంపన మధుర సుల్తానుపై సాగించిన దండయాత్రలో మంగిదేవుడు శత్రువులపై డేగవలె విరుచుకుపడి ఆ బిరుదు పొందాడంటారు. క్రమంగా అదే వంశనామమయింది. ఆ వంశీయుడే చంద్రగిరి ప్రభువు నరసింహుడు. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు జైమిని భారతమును అంకితమిచ్చింది ఈయనకే. 1485లో ఆయన విజయనగర సింహాసనమెక్కడంతో ఒక యోధుని బిరుదు రాజవంశమయింది! అయితే అది నిలిచింది ఇరవై ఏళ్ళే. 1505లో రాజ్యం తుళువ వీరనరసింహుని వశమయింది.

మరి కృష్ణరాయల మంత్రి, బ్రాహ్మణుడైన తిమ్మరుసు కూడా సాళువే కదా! ఆ మాట చూసి ఆయనను నరసింహునికి జ్ఞాతిగా భావించేవారున్నారు. అది పొరపాటు. వంశం అంతరించినా, మాట మళ్ళీ బిరుదుగానే కొలువులో మిగిలిందని నా ఊహ.