వింబుల్డన్ నుండి బిస్లీకి

తుపాకీ గురిపోటీలో గెలుపు గురికాని నేర్పు వలన రావాలి కాని, అతడు నిలిచిన చోటు వలన రాకూడదు. ఈ నియమం చెప్పటానికి సులభమే. దానికి తగిన స్థలం దొరకటానికి మాత్రం ఇంగ్లండులో ముప్పై సంవత్సరాలు పట్టినది.

1859లో ఫ్రాన్సు దండెత్తి రావచ్చునన్న భయం ఇంగ్లండులో వ్యాపించినది. పౌరులు స్వచ్ఛంద సైనిక దళాలలో చేరారు. వారికి గురి నేర్పటానికై ఆ ఏడే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఏర్పడినది. తొలి పోటీలు 1860 జూలై 2న లండను చెంతనున్న వింబుల్డన్ మైదానంలో ఆరంభమైనవి. విట్‌వర్త్ అనే ఇంజనీరు తన తుపాకీని ఒక ఆధారంపై ముందే గురిచూసి బిగించాడు. విక్టోరియా రాణి పట్టుత్రాడు లాగగా, 400 గజాల దూరాన ఉన్న ఫలకంపై నడిబిందువుకు అంగుళంపావు దూరంలో గుండు తగిలినది.

వింబుల్డన్ నగరానికి దగ్గర. జనం తండోపతండాలుగా వచ్చేవారు. అయితే ఆ సౌకర్యమే చివరకు చిక్కయినది. నగరం పెరిగి ఇండ్లు మైదానం అంచులకు చేరినవి. తుపాకులూ మారినవి. మార్టినీ-హెన్రీ గుండు సెకనుకు సుమారు 1300 అడుగుల వేగంతో బయలుదేరేది. 1888లో బ్రిటిషు సైన్యం స్వీకరించిన లీ-మెట్‌ఫర్డ్ గుండు వేగం సుమారు 2000 అడుగులు. గురి తప్పితే అది మైలు దాటి పోగలదు. కనుక ఫలకం వెనుక మట్టికట్ట ఒక్కటే చాలదు. ఆ వెనుక జనసంచారం లేని నేల ఎంతో ఉండాలి. 1889తో వింబుల్డన్ పోటీలు ముగిసినవి.

మరుసటి సంవత్సరం పోటీలు లండనుకు సుమారు 30 మైళ్ల దూరాన, సర్రే జిల్లాలోని బిస్లీకి మారినవి. అది పైరుకు పనికిరాని పొదల నేల, ఊళ్లు తక్కువ. బ్రూక్‌వుడ్ స్టేషను నుండి 1890లోనే ఒక చిన్న రైలుదారి వేశారు. ఆ విధంగా దూరం అనే లోపం కొంత తీరినది.

ఇక న్యాయం మాట. ఇందులో పెద్ద చిక్కు గాలి. నేటి గుండు సెకనుకు 900 మీటర్ల వేగంతో బయలుదేరినదనుకొందాం. శూన్యంలో 900 మీటర్లు పోవటానికి దానికి 1 సెకను చాలును. గాలి నిరోధం వలన సుమారు ఒకటిన్నర సెకన్లు పడుతుంది. ఈ అధికమైన అరసెకనులో గాలి ఎంత దూరం నడుస్తుందో, గుండు దాదాపు అంత ప్రక్కకు తొలగుతుంది. సెకనుకు 4 మీటర్ల ప్రక్కగాలి వీస్తే తొలగింపు 2 మీటర్లు! ప్రశాంతమైన ఉదయం ఒకరు, గాలి రేగిన మధ్యాహ్నం మరొకరు కాల్చితే వారిని పోల్చటం ఎట్లా? ఒకే వేళ అనేకులు ఒకే దూరం నుండి కాల్చాలి; అందుకు వరుసగా అనేక ఫలకాలు కావాలి. బిస్లీలోని సెంచురీ రేంజిలో నేడు 108 ఫలకాలు కలవు. సూర్యుడు గురికాని కంట పడకుండా కాల్చే దిక్కును నిర్ణయించటం మరొక జాగ్రత్త. ఉత్తరార్ధగోళంలో ఉత్తరాభిముఖమే మేలు.

1908 ఒలింపిక్ తుపాకీ పోటీలలో అధికభాగం, 1948 పోటీలు బిస్లీలోనే జరిగినవి. 2012లో మాత్రం లండను నగరంలోని వూలిచ్‌లో తాత్కాలిక కట్టడాలు వేశారు. హైదరాబాదు గురికాడు గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కంచుపతకం గెలిచినది అక్కడే. ఆ పోటీ కప్పు క్రింద జరుగుతుంది. అక్కడ గాలి బాధ లేదు. దూరపు గురికి ఆ వీలు లేదు. అందుచేతనే ఇంగ్లండు జాతీయ పోటీలు నేటికీ బిస్లీని వీడలేదు.