రష్యా గుర్తుంచుకున్నవీ, మరచిపోయినవీ

మనలో చాలామందికి రష్యా మొదట పరిచయమైంది పుస్తకాల ద్వారానే. మాస్కోలో అచ్చయి, విశాలాంధ్ర దుకాణాల్లో చవకగా దొరికిన తెలుగు పుస్తకాలు చదువుతూ పెరిగినవాళ్ళం. ఇక్కడ పుట్టిన మన పిల్లలకు మాత్రం రష్యా అంటే 2022 నుంచి వార్తల్లో చూసిన యుద్ధం. "పడమటి దేశాలంటే రష్యాకి ఎందుకంత కోపం?" అని వాళ్ళు అడిగితే, జవాబు 1836 నుంచి మొదలుపెట్టాలి.

ఆ ఏడాది ప్యోతర్ చాదాయెవ్ అనే ఆలోచనాపరుడి లేఖ ఒకటి 'టెలిస్కోప్' అనే మాస్కో పత్రికలో వచ్చింది. యూరప్ నడిచిన దారికి రష్యా దూరంగా ఉండిపోయిందని, లోకానికి తానిచ్చిందేమీ లేదని ఆయన వాపోయాడు. జారు చక్రవర్తి మొదటి నికొలస్ పత్రికను మూయించి, రచయితను పిచ్చివాడిగా ప్రకటించాడు. తర్వాత మేధావులు రెండుగా చీలారు. యూరప్ బాటే మన బాట అన్నవారు పాశ్చాత్యవాదులు. మన చర్చి, మన గ్రామసమాజం, మన దారి వేరన్నవారు స్లావ్‌వాదులు. ఆ తగవు ఇంకా తీరలేదు.

పడమటి నుంచి రష్యా తిన్న దెబ్బలు నిజమైనవే. 1812లో నెపోలియన్ మాస్కోలో అడుగుపెట్టాడు. 1941లో హిట్లర్ దండెత్తాడు. ఆ యుద్ధంలో సుమారు 2 కోట్ల 70 లక్షల మంది సోవియట్ ప్రజలు చనిపోయారు. 1990లో జర్మనీ ఏకీకరణ చర్చల సమయంలో అమెరికా విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్, నాటో తూర్పుకు అంగుళం కూడా జరగదన్న మాట గోర్బచేవ్ దగ్గర అన్నాడు. అది ఒప్పందంలోకి ఎక్కలేదు. 1999లో పోలండ్, హంగరీ, చెక్ దేశాలు, 2004లో మరో ఏడు దేశాలు నాటోలో చేరాయి. 2007లో మ్యూనిక్ సభలో పుతిన్ ఈ ఫిర్యాదునే బాహాటంగా వినిపించాడు.

అయితే ఈ జ్ఞాపకాల్లో కొన్ని పేజీలు కనబడవు. 1939లో హిట్లర్‌తో కలిసి పోలండ్‌ను పంచుకున్నదీ, 1956లో బుడాపెస్ట్‌కు, 1968లో ప్రాగ్‌కు ట్యాంకులు పంపిందీ మాస్కోయే. ఆ దేశాలు నాటో తలుపు తట్టడానికి ఆ భయం ఒక ముఖ్య కారణం. ఉక్రెయిన్ సరిహద్దులను గౌరవిస్తానని 1994లో రష్యా సంతకం చేసింది. ఇది నోటిమాట కాదు, కాగితమే. అయినా 2014లో క్రిమియాను కలుపుకుంది, 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ అంతటి మీదా దండయాత్ర మొదలుపెట్టింది. కొద్ది రోజులకే సైన్యాన్ని విమర్శించేవారిని శిక్షించే చట్టాలు తెచ్చింది. నికొలస్ కాలం గుర్తుకు రాక మానదు.

పిల్లలకు రష్యా గాయాలూ చెబుదాం, రష్యా చేసిన గాయాలూ చెబుదాం. ఒకటి చెప్పి ఇంకొకటి దాచితే, మనం చెప్పింది చరిత్ర అనిపించుకోదు. మన అభిమాన పుస్తకాలు ఇచ్చిన దేశమైనా సరే.